వర్తకుడైన ఇమాము

వ్యాపారమున ధర్మము నిలువదనుట మనము తరచు వినుచున్నాము. ఇమామ్ అబూ హనీఫా జీవితము అందుకు సమాధానమని మేము తలచుచున్నాము.

క్రీ.శ. 699లో ఇరాక్‌లోని కూఫా నగరమున జన్మించిన ఈ ధర్మశాస్త్రవేత్త వస్త్రవ్యాపారముతో జీవించారు. ఒకసారి భాగస్వామి హఫ్స్‌కు సరుకు పంపుచు, అందొక వస్త్రమునకు లోపమున్నదని, అది తెలిపియే అమ్మవలెనని చెప్పారు. హఫ్స్ ఆ మాట మరచి అమ్మివేశారు, కొన్నవారెవరో తెలియలేదు. ఇమాము ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతయు దానము చేశారని చరిత్రకారులు వ్రాశారు. మరచినది భాగస్వామి; మూల్యము చెల్లించినది ఇమాము.

స్వార్జితముతో జీవించినందున వారికి రాజాశ్రయము అవసరము కాలేదు. ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన న్యాయాధిపతి పదవిని నిరాకరించి, చెరసాల పాలై, 767లో బాగ్దాదున కన్నుమూశారు.

లాభమును లెక్కించుటకు ముందు అది వచ్చిన త్రోవను పరీక్షించుట మన విద్యార్థులకు తొలి పాఠము కావలెను.