మారిషస్ దీవిలో పేర్ లావల్



పిల్లల్ని పరదేశం పంపిన కుటుంబాలు మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి విచారణల్లోనూ ఉన్నాయి. ఫ్రాన్సుకో, కెనడాలోని క్యూబెక్‌కో పంపవలసి వస్తే తల్లిదండ్రుల మొదటి దిగులు ఫ్రెంచి భాష. అటువంటివారికి ధన్య జాక్ దెజిరే లావల్ గారి జీవితం తెలియాలి. ఫ్రెంచి ఆయన మాతృభాష. అయినా ఫ్రెంచి మాట్లాడే దీవికి వెళ్ళి, అక్కడ మళ్ళీ మాటలు నేర్చుకోవలసి వచ్చింది.

లావల్ గారు 1803 సెప్టెంబరు 18న ఫ్రాన్సు దేశంలోని నార్మండీలో, క్రోత్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. 1830లో వైద్య పట్టా పొంది డాక్టరుగా స్థిరపడ్డారు. మంచి గుర్రం, మంచి దుస్తులు, చేతినిండా పని. దైవభక్తి మాత్రం చల్లబడింది. క్రమేణా ప్రభువు పిలుపు విని అన్నీ వదలి సెమినరీలో చేరారు. 1838లో గురుపట్టం పొంది, పెంతెర్‌విల్ అనే చిన్న విచారణలో రెండేళ్ళు సేవచేశారు. ఆ తర్వాత ఓడ ఎక్కి 1841 సెప్టెంబరు 14న, పవిత్ర సిలువ విజయోత్సవం నాడు, మారిషస్‌లో కాలుపెట్టారు.

ఆ దీవిని 1810లోనే ఆంగ్లేయులు గెలుచుకున్నారు. కాని అక్కడివారి భాషను, ఆచారాలను, మతాన్ని ముట్టుకోబోమని మాట ఇచ్చారు. ప్రభుత్వం ఆంగ్లేయులది, చెరకు తోటలు ఫ్రెంచి దొరలవి. మేత్రాణులు కొలియర్ గారు ఇంగ్లండువారు. ఇక 60,000కు పైగా నల్లజాతి వారు 1835 వరకు బానిసలు. చట్టం మారినా, నాలుగేళ్ళపాటు ఆ యజమానుల వద్దనే పనిచేయవలసి వచ్చింది.

ఇక్కడే లావల్ గారికి అసలు పరీక్ష. దొరల ఇళ్ళలో ఆయన ఫ్రెంచికి గౌరవం ఉంది, భోజనానికి పిలుపులూ ఉంటాయి. పరదేశంలో ఒంటరివానికి సొంత భాషవారి ఇల్లు కంటే హాయి ఏముంది? అయితే విముక్తి పొందినవారి మాట క్రియోల్. ఫ్రెంచి నుండి పుట్టినదైనా వేరే భాష. పైగా వారి చెవికి ఫ్రెంచి అంటే కొరడా పట్టినవాని గొంతు. లావల్ గారు క్రియోల్ నేర్చుకున్నారు. ఆ మాటలతోనే జ్ఞానోపదేశం చెప్పారు, ప్రార్థనలు నేర్పారు. పగలంతా పనిచేసి అలసి వచ్చేవారికోసం సాయంత్రాలు కేటాయించారు. ఆదివారం వారికోసం వేరుగా దివ్యపూజ పెట్టారు. దొరలకు కోపం వచ్చింది, ఎగతాళి చేశారు. ఆయన తగ్గలేదు.

ఇంకొక సంగతి గమనించండి. పనంతా తానే నెత్తిన వేసుకోలేదు. ఆ పేదవారిలోనుండే ఉపదేశులను, ఉపదేశినులను తయారుచేశారు. వారు రోగులను చూసేవారు, ఇరుగుపొరుగుకు ప్రార్థన నేర్పేవారు, చిన్న చిన్న గుడులు కట్టేవారు. మన పల్లెల్లో ఉపదేశి విలువ తెలిసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. 1854లో కలరా వచ్చినప్పుడు ఈ సంఘాలే రోగుల మంచాల పక్కన నిలిచాయి.

ఆయన అక్కడ ఉండగానే, 1843లో, మన గోదావరి తీరపు కోరంగి రేవు నుండి ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు చేర్చింది. బానిసలు వదలిన చెరకు తోటల్లో పని వారికి దొరికింది. వారికీ బ్రతుకుతెరువు భాష క్రియోలే అయింది. నేడు వారి సంతతి ఇంట్లో ఎక్కువగా క్రియోల్ మాట్లాడుతుంది. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. తెలుగు పలుకక పోయినా పండుగను వదలలేదు. మన పిల్లల పిల్లల విషయంలో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో తల్లిదండ్రులు ఇప్పుడే ఆలోచించుకోవచ్చు.

లావల్ గారు తిరిగి ఫ్రాన్సును చూడలేదు. ఇరవైమూడేళ్ళు అక్కడే ఉన్నారు. చివరి సంవత్సరాలలో పక్షవాతంతో శరీరం కూలినా, దేవాలయంలో కూర్చుని పాపసంకీర్తనలు వినేవారు. 1864 సెప్టెంబరు 9న ప్రభువులో నిద్రించారు. 1979 ఏప్రిల్ 29న రెండవ జాన్ పాల్ పాపుగారు ఆయనను ధన్యులుగా ప్రకటించారు. ఆ పాపుగారి కాలంలో ధన్యత ప్రకటన మహోత్సవాల్లో అదే మొదటిది.

దీవిలో ఆయనను నేటికీ పేర్ లావల్ అంటారు. పేర్ అంటే తండ్రి. ఏటా సెప్టెంబరు 8 రాత్రి వేలాదిమంది కాలినడకన పోర్ట్ లూయీ నగరంలోని సెంత్ క్రువాలో ఆయన సమాధికి వెళతారు. ఆ గుంపులో కతోలికులే కాదు, కూలీలుగా వచ్చిన భారతీయుల మునిమనుమలైన హిందువులు, ముస్లిములు కూడా ఉంటారు.