సంతానం కొఱకు నిరీక్షించిన రాజు: పదునారవ లూయీ

1788 ఆగస్టు 10వ తేదీన వెర్సేల్స్ రాజమందిరంలో టిప్పుసుల్తాను రాయబారులు మువ్వురు ఫ్రాన్సు రాజును దర్శించినారు. 1779లో హైదరాలీ జయించిన కడప సీమ ఆనాడు టిప్పు ఏలుబడిలోనే ఉండినది. ఆంగ్లేయులపై సైనిక సహాయం అర్థింపబోయిన ఆ రాయబారం ఒక విధంగా మన సీమ పక్షాన కూడ వెళ్లినదే. కోరిన సహాయం లభింపలేదు. సింహాసనంపై కూర్చున్న ఆ స్థూలకాయుడు, మితభాషి, పదునారవ లూయీ. నాలుగున్నర యేండ్లయినా నిండకముందే అతని శిరస్సు గిలటీను కింద తెగిపడినదని చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. అంతకు చాల ముందే, యౌవనంలో, అతడు మరొక అవమానాన్ని ఏడేండ్లు మోసినాడు. దానిని పాఠ్యపుస్తకాలు చెప్పవు.

లూయీ 1754 ఆగస్టు 23న జన్మించినాడు. పదునైదవ లూయీకి మనుమడు. రాజ్యం అతనికి రావలసినది కాదు. అన్న 1761లోను, తండ్రి 1765లోను మరణించుటచే యువరాజైనాడు. 1767లో తల్లి కూడ గతించినది. వేట, భూపటాలు, తాళాలు చేసే పని – ఇవి అతని ప్రీతిపాత్రాలు. నలుగురిలో నోరు విప్పలేని బిడియం అతనిది. ఉంపుడుగత్తెల మాటకు విలువనిచ్చే తాతగారి కొలువును చూచి అతడు ఏవగించుకొన్నాడు. ఆ ఏవగింపే తరువాత దాంపత్యంలోనూ బెరుకై నిలిచినదని ఊహించుటకు వీలున్నది.

1770 మే 16న ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా కుమార్తె మేరీ ఆంట్వానెట్‌తో అతనికి వివాహం జరిగినది. వరునికి పదునైదేండ్లు, వధువుకు పదునాలుగు. రెండు రాజ్యాల మైత్రి కొఱకు చేసిన పెండ్లి అది. పసివాండ్ర ఇష్టానిష్టాలు ఎవరికి కావలెను? పెండ్లి పేరునకే నిలిచినది. 1774 మే 10న లూయీ రాజైనాడు. అప్పటినుండి వారి పడకగది సంగతి రాజ్యాంగ విషయమై కూర్చున్నది. పరదేశ రాయబారులు దానిని గూర్చి తమ ప్రభువులకు నివేదికలు పంపసాగినారు.

నింద ఎవరిపై పడినదో చెప్పనక్కరలేదు. వియన్నా నుండి కన్నతల్లియే, భర్తను ఆకట్టుకొనుట చేతకాలేదని కుమార్తెను ఉత్తరాలలో మందలించేది. 1775 ఆగస్టులో రాజు తమ్ముడైన ఆర్త్వా ప్రభువునకు కొడుకు పుట్టినాడు. ఆనాడు తన మందిరానికి మరలుతున్న రాణిని చేపలమ్మే స్త్రీలు వాకిలి వరకు వెంటాడి, ఆమె బిడ్డ ఎప్పుడని నిలదీసినారట. లోపల ఆమె వెక్కి వెక్కి ఏడ్చినదని ఆమె పరిచారిక కాంపాన్ వ్రాసినది. కర్నూలు, కడప పల్లెలలో రావిచెట్టు చుట్టు ప్రదక్షిణాలు చేసి, నాగప్రతిష్ఠలు చేయించి, అత్తవారింట గొడ్రాలనిపించుకొన్న ఇల్లాండ్రకు ఈ దుఃఖం పరాయిది కాదు. శుక్రదోషాలను సుశ్రుతుడు ఏనాడో వివరించినాడు. కాని మన ఇండ్లలో భర్తను పరీక్షింపజేయవలెనన్న మాట మాత్రం చిట్టచివర వచ్చేది, లేదా అసలే రాకపోయేది. సంతానలేమికి కారణం సుమారు సగం సందర్భాలలో పురుషునియందు కూడ ఉండునని నేటి వైద్యం చెప్పుచున్నది.

లూయీ పరీక్షకు వెనుదీయలేదు. అది అతని యోగ్యత. రాజవైద్యుడు లాసోన్ చూచినాడు. 1776 ఆరంభంలో మోరో అను శస్త్రవైద్యుడు చూచి, శస్త్రచికిత్స అక్కరలేదన్నాడు. ఏదో చిన్న కోతతో అంతా చక్కబడినదను కథకు 1932లో ష్టెఫాన్ త్స్వైగ్ వ్రాసిన రాణి చరిత్ర గొప్ప ప్రచారం కల్పించినది. కాని రాజు స్వహస్తంతో వ్రాసుకొన్న దినచర్యను బట్టి చూడగా, కోత జరిగిన మనిషి గుఱ్ఱమెక్కలేని రోజులలో సైతం అతడు వేటకు పోతూనే ఉన్నాడు. ఆ కథ నిలువదు.

1777 ఏప్రిల్‌లో రాణి అన్న, చక్రవర్తి రెండవ జోసెఫ్, మారుపేరుతో పారిస్ వచ్చినాడు. ఇరువదిరెండేండ్ల బావమఱదితో ఏకాంతంగా, దాపరికం లేకుండ మాట్లాడినాడు. ఏడేండ్లుగా వైద్యులకు తేలనిది ఆ సంభాషణలో తేలినది. జూన్‌లో తమ్ముడు లియోపోల్డునకు వ్రాసిన లేఖలో జోసెఫ్ దానిని మొగమాటం లేకుండ వివరించినాడు. రాజు నపుంసకుడు కాడు. దాంపత్యం నెరపుచున్నాడు, కాని వీర్యస్ఖలనం కాకమునుపే విరమించుకొనుచున్నాడు. అంతటితో తన విధి తీరినదనుకొనుచున్నాడు. నిద్రలో మాత్రం స్ఖలనం సహజంగానే జరుగుచున్నది. దేహంలో లోపం లేదనుటకు అదియే నిదర్శనం. జోసెఫ్ దృష్టిలో కారణం అజ్ఞానం, అలసత్వం. అలసత్వమను మాట కొంచెం కఠినం. వీర్యస్ఖలనం వెన్నుపాము నడిపే ప్రతిక్రియ. మెదడు దానిని ప్రేరేపింపగలదు, అణచివేయనూ గలదు. భయం, సిగ్గు, బిడ్డను కని తీరవలెనను ఒత్తిడి అణచివేతకు చాలును. మధుమేహం, వెన్నుపాము గాయం, కొన్ని మందులు కూడ ఈ స్థితిని తేగలవు. నేడైతే ముందు మాటలతో చికిత్స చేసి, అది ఫలింపనిచో వృషణాలనుండి బీజకణాలను తీసి గర్భధారణకు తోడ్పడే పద్ధతులున్నవి. లూయీకి మాటలే చాలినవి.

ఆగస్టులో వారి వివాహం సంపూర్ణమైనది. రాణి తల్లికి ఆ సంతోషవార్త వ్రాసినది. రాజు డిసెంబరులో బావమఱదికి కృతజ్ఞత తెలిపినాడు. రాజైనవాడు అటువంటి విషయంలో కృతజ్ఞత చెప్పుకొనుట సామాన్యం కాదు. 1778 డిసెంబరు 19న మరీ థెరేజ్ పుట్టినది. 1781లోను, 1785లోను కుమారులు, 1786లో మరొక కుమార్తె కలిగినారు.

ఏడేండ్లలో పుట్టిన అపవాదు మాత్రం బిడ్డలతోపాటే పెరిగినది. బిడ్డలు రాజునకు పుట్టినవారు కారని రహస్యంగా అచ్చయిన కరపత్రాలు ఊరూరా తిరిగినవి. భర్త లోపమైనది భార్య శీలానికి మచ్చయినది. విప్లవం నాటికి ఆమెను ద్వేషించుటకు ప్రజలకు ఆ కరపత్రాలే చాలినవి. చిన్న కూతురు ఏడాది నిండకమునుపే పోయినది. పెద్ద కుమారుడు 1789 జూన్‌లో మరణించినాడు. 1793 జనవరి 21న లూయీని, అక్టోబరు 16న రాణిని వధించినారు. రెండవ కుమారుడు 1795లో చెఱసాలలోనే పోయినాడు.

మిగిలినది మరీ థెరేజ్ ఒక్కతె. ఆమె 1799లో పినతండ్రి కుమారుని పెండ్లాడినది. 1775లో ఏ శిశువు పుట్టుకను చూచి చేపలమ్మే స్త్రీలు ఆమె తల్లిని నిలదీసినారో, వరుడు అతడే. వారికి సంతానం కలుగలేదు. ఆమె 1851లో మరణించినది.