మాంటిస్సోరి తొలి శిష్యులు

సికింద్రాబాద్‌లో ఎన్నో వీధుల్లో మాంటిస్సోరి బడి బోర్డు కనిపిస్తుంది. మన మనుమలు చాలామంది అక్కడే పలక పట్టారు. కాని ఆ పేరుగల డాక్టర్ మేరియా మాంటిస్సోరి తొలి శిష్యులు ఏ బడీ చేర్చుకోని పిల్లలు.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో జన్మించారు. 1896లో రోమ్‌లో వైద్య పట్టా పొందారు. అక్కడి పిచ్చాసుపత్రుల్లో బుద్ధిమాంద్యం గల పిల్లలను చూశారు. ఆడుకోను చేతికి ఒక్క వస్తువైనా లేదు. ఇది మందుకంటె చదువుతో బాగుపడవలసిన విషయమని నిశ్చయించుకున్నారు. ఇటార్, సెగాఁ అనే ఫ్రెంచి వైద్యుల గ్రంథాలను స్వహస్తాలతో ఇటాలియన్‌లోకి రాసుకున్నారు. 1900లో రోమ్‌లో వెలిసిన ప్రత్యేక పాఠశాలలో కొయ్య అక్షరాలను వేళ్ళతో తడిమించి చదువు నేర్పారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లల పరీక్షలో నెగ్గారు! లోకం మెచ్చుకుంది. మామూలు బడులు ఇంత వెనుకబడ్డాయేమిటని ఆమెకు చింత పట్టుకుంది. దాని ఫలమే 1907 నాటి శిశు గృహం.

1898లో పుట్టిన సొంత కొడుకు మేరియోను మాత్రం, అవివాహిత తల్లి గనుక, పరుల ఇంట పెంచవలసి వచ్చింది. తప్పుపట్టేవారున్నారు, నాకు జాలే కలుగుతుంది. 1939లో ఆ కొడుకుతోనే మద్రాసు అడయారుకు వచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే ప్రభుత్వం అతణ్ణి నిర్బంధించి, తల్లి 70వ పుట్టినరోజున విడిచిపెట్టింది. 1952 మే 6న ఆమె హాలెండులో కన్నుమూశారు.

ఇటువంటి పిల్లలకోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మన బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోనే ఉంది. అలాంటి మనుమడో మనుమరాలో ఉన్న సభ్యులు బిడ్డను ఇంట దాచక ఓసారి అక్కడికి తీసుకువెళ్ళండి.