పూడిపోయిన ఊటలు తవ్వి తీసిన బెంగళూరు నాగరత్నమ్మ

ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, వందల గొంతులు కలిసి పంచరత్న కీర్తనలు పాడతాయి. తమిళనాడులో ఉన్న మనవాళ్ళు కొందరు ఆ పందిట్లోనే కూర్చుని వింటారు. మిగతావాళ్ళం టీవీలో చూస్తాం. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పాడుతుంటే ఎప్పటినుంచో ఇలాగే జరుగుతోందనుకుంటాం. కానీ నూరేళ్ళ కిందట అక్కడ ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదు. అసలు ఆ సమాధే పాడుబడి ఉండేది. ఈ రెండూ మారడానికి కారణమైన ఆవిడ విగ్రహం ఇప్పటికీ త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చుని ఉంది. ఆవిడే బెంగళూరు నాగరత్నమ్మ.

పేరులో బెంగళూరు ఉన్నా ఆమె పుట్టింది మైసూరు దగ్గర నంజనగూడులో, 1878 నవంబరు 3న. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కుటుంబానికి చెందినవారు. తండ్రి సుబ్బారావు వకీలు. తండ్రి అండ ఎంతోకాలం నిలవలేదు. తల్లి మాత్రం పట్టుదల మనిషి. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే పండితుడి దగ్గర కూతురికి సంస్కృతం చెప్పించారు. కొన్నాళ్ళకు ఆ గురువు వీళ్ళను దూరం పెట్టారు. కూతురు విదుషి అయితే తప్ప మళ్ళీ మైసూరులో అడుగుపెట్టనని పుట్టలక్ష్మి శపథం పట్టారని చెబుతారు. బెంగళూరు చేరాక నాగరత్నమ్మ సంగీతం, నాట్యం నేర్చుకున్నారు. కన్నడంతో పాటు తెలుగు, ఇంగ్లీషు కూడా చదువుకున్నారు. సంగీత గురువు మునుస్వామప్ప త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వారు. ఆ కీర్తనల మీద ఆమెకు మక్కువ కుదిరింది అక్కడే.

పదిహేనేళ్ళ వయసుకే ఆమె సభల్లో పేరు తెచ్చుకున్నారు. మైసూరు ఆస్థానంలో పాడారు. కళ తెలిసిన న్యాయమూర్తి నరహరిరావు ఆమెకు అండగా నిలిచి, మద్రాసు వెళితే ఇంకా రాణిస్తావని ప్రోత్సహించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆమె మద్రాసు చేరి పెద్ద విద్వాంసురాలిగా స్థిరపడ్డారు. సొంత ఇల్లు, నగలు, పేరు అన్నీ వచ్చాయి. అంతటితో ఆగి ఉంటే మనం ఈరోజు ఆమెను మంచి గాయనిగా మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్ళం.

ఆమెకు చదివే అలవాటు ఉండేది. తంజావూరు కాలపు తెలుగు సాహిత్యం చదువుతుండగా ఒకచోట ముద్దుపళని అనే కవయిత్రి ప్రస్తావన కనిపించింది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండేది. తనలాగే దేవదాసి. రాధాకృష్ణుల కథతో రాధికా సాంత్వనము అనే శృంగార ప్రబంధం రాసింది. ఒక ఆడది ఆడదాని మనసు తెలిసి రాసిన కావ్యం అది. నాగరత్నమ్మ వెతగ్గా వెతగ్గా అచ్చు ప్రతి ఒకటి దొరికింది. 1887లో పైడిపాటి వెంకటనరసు వేయించిన పుస్తకం. ఆ తర్వాత రాతప్రతి కూడా చేతికొచ్చింది. రెండూ పక్కన పెట్టి చూస్తే అచ్చు ప్రతిలో కొన్ని పద్యాలు లేవు. ముద్దుపళని తన వంశం గురించి, తన గురించి చెప్పుకున్న పీఠిక కూడా లేదు. అంటే పుస్తకం మిగిలింది కానీ, దాన్ని రాసినావిడ చరిత్ర ఎగిరిపోయింది.

ఎగిరిపోయినవన్నీ తిరిగి చేర్చి, 1910లో వావిళ్ళవారి ద్వారా ఆమె కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించారు. వెంటనే దుమారం లేచింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అప్పటికే ఆ కావ్యంలోని శృంగారాన్ని తప్పుపట్టి, ఆడది రాయదగినది కాదన్నారు. నాగరత్నమ్మ తడబడలేదు. సిగ్గు ఆడవాళ్ళకే ఉండాలా అని అడిగారు. మగకవులు రాసిన అంతకు మించిన శృంగారాన్ని పంతులుగారే పరిష్కరించి అచ్చు వేయించారు కదా అని ఎత్తిచూపారు. కానీ వ్యవహారం ప్రభుత్వం దాకా వెళ్ళింది. 1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. అశ్లీలం పేరుతో నిషేధం పడింది. అది తొలగడానికి ముప్ఫై ఐదేళ్ళు పట్టింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో నిషేధం ఎత్తేశారు. ఆ రోజు చూడటానికి నాగరత్నమ్మ బతికే ఉన్నారు.

నలభై దాటిన వయసులో ఆమె జీవితం ఇంకో మలుపు తిరిగింది. 1921లో మైసూరు నుంచి బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం అందింది. ఒకప్పుడు ఆమెకు కీర్తనలు చెప్పిన విద్వాంసుడాయన. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడిపోయిందన్నది ఆ ఉత్తరంలోని సంగతి. స్వామి పోయింది 1847 జనవరి 6న. శిష్యులు మధ్యలో ఒకసారి బాగుచేయించినా మళ్ళీ శిథిలమైంది. ఆరాధన జరుపుతున్నవాళ్ళు రెండు వర్గాలుగా చీలి పోటీపడుతున్నారు తప్ప, సమాధి సంగతి ఎవరికీ పట్టలేదు. ఇన్నేళ్ళూ ఏ కీర్తనలు పాడి బతికామో, వాటి మూలం ఇలా మట్టిపాలవుతోందన్న మాట ఆమెకు గుచ్చుకుంది. వెంటనే తిరువయ్యారు వెళ్ళారు. స్థలం కొని, అదే ఏడు గుడికి పునాది వేయించారు. ఇల్లూ నగలూ అమ్మి ఆ డబ్బు గుడికే పెట్టారు. 1926 జనవరిలో కుంభాభిషేకం జరిగింది.

గుడి ఆమెది, ఖర్చు ఆమెది. పాడే హక్కు మాత్రం ఆమెకు లేదు. ఆడవాళ్ళు, అందులోనూ దేవదాసీలు, సన్నిధిలో పాడకూడదని ఆరాధన పెద్దలు కట్టుదిట్టం చేశారు. ఆమె గొడవపడి ఊరుకోలేదు, అలిగి వెళ్ళిపోనూలేదు. 1927లో విద్వాంసురాళ్ళను పోగుచేసి, గుడి వెనకవైపు కూర్చుని వేరుగా ఆరాధన మొదలుపెట్టారు. దేవదాసీల బతుకుతెరువే ప్రశ్నార్థకమైన రోజులవి. ఆ విద్వాంసురాళ్ళకు తిరువయ్యారు తలెత్తుకుని పాడుకునే చోటు అయింది. అలా పదమూడేళ్ళు గడిచాయి. 1940లో వర్గాలన్నీ ఒక్కటయ్యాయి. ఆ తర్వాత ఆడవాళ్ళు కూడా మగవాళ్ళతో సమానంగా సన్నిధిలో పాడటం మొదలైంది.

చివరి రోజులు ఆమె తిరువయ్యారులోనే గడిపారు. ఉన్నదంతా త్యాగరాజస్వామి సేవకే రాసిచ్చారు. ఆడవాళ్ళకు అక్కడ పాడే హక్కు ఉండాలన్న షరతు మాత్రం వీలునామాలో పెట్టారు. 1952 మే 19న కన్నుమూశారు. స్వామి సన్నిధికి ఎదురుగానే సమాధి కట్టారు.

ఈ కథలో ఎక్కడా తెలుగు రాష్ట్రాలు లేవని గమనించారా? త్యాగరాజస్వామి తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో పాడారు. ముద్దుపళని తంజావూరులో రాసింది. అచ్చు వేసింది మద్రాసులో. తవ్వి తీసినావిడ కన్నడ నేల మీద పుట్టినావిడ. మనలాంటి ఇళ్ళ మధ్య, మనం ఉండే ఊళ్ళలోనే తెలుగుకు ఇంత ఊట ఉండేది. ఈరోజు మన పిల్లలు కీర్తనలు తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో రాసుకుని నేర్చుకుంటున్నారు. రాసుకోనివ్వండి, పాట ఆగకపోతే చాలు. కానీ మన ఇళ్ళలో తాతమ్మల కాలం నాటి పెట్టెలు కొన్ని ఇంకా అటక మీద ఉన్నాయి. అందులో ఏ పాటల పుస్తకముందో, ఏ రాతప్రతి ఉందో చదవగలిగినవాళ్ళు ఇంట్లో లేక, పాత కాగితాలవాడికి తూకానికి వేసేస్తున్నాం. వేసేముందు ఒక్కసారి దించి, దుమ్ము దులిపి, చదవగలిగినవాళ్ళకు చూపిద్దాం. నాగరత్నమ్మ మొదట చేసింది కూడా అంతే, ఒక పాత పుస్తకం వెతికి పట్టుకున్నారు.