వీవీ గిరి: ఓడిపోయి ఒకసారి.. రాష్ట్రపతిగా ఇంకోసారి సుప్రీంకోర్టుకు!

రాష్ట్రపతి స్వయంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పడం ఎప్పుడైనా విన్నారా? 1970లో అదే జరిగింది. అలా సుప్రీంకోర్టుకు వచ్చిన రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. మన శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఓటర్లు లోక్‌సభకు పంపిన నేత.

రైల్వే కార్మికుల నాయకుడు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది కానీ, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు లాయర్. లా చదవడానికి డబ్లిన్ వెళ్లిన గిరి, అక్కడి ఐరిష్ పోరాటకారులకు దగ్గరయ్యారు. దాంతో 1916లో ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది.

వచ్చాక ఆయన చూపు కార్మికుల వైపు మళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడా మీదుగా వెళ్లే రైలు మార్గం అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. ఆ కంపెనీ కార్మికుల ఖరగ్‌పూర్ సమ్మెకు 1927లో గిరి నాయకత్వం వహించారు. 1937లో ఏకంగా బొబ్బిలి రాజానే ఎన్నికల్లో ఓడించి, రాజాజీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు.

తీర్పు మార్చారని రాజీనామా

1952 తొలి ఎన్నికల్లో పాతపట్నం నుంచి గెలిచి, నెహ్రూ కేబినెట్‌లో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించింది. గిరికి అది నచ్చలేదు. 1954 ఆగస్టులో పదవి వదిలేశారు.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అది ఇద్దరు ఎంపీల స్థానం. ఒక సీటు ఎస్టీలకు రిజర్వు, రెండోది జనరల్. ఎస్టీ అభ్యర్థి డి.సూరిదొర ఎక్కువ ఓట్లతో జనరల్ సీటు గెలిచారు. రిజర్వుడు సీటుకు నిలబడిన వ్యక్తికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కేసు ఓడిపోయారు. అప్పటికి ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నర్!

1969.. అసలు పరీక్ష

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అమెరికాలో అయితే ఉపాధ్యక్షుడు మిగిలిన కాలమంతా అధ్యక్షుడే. మన రాజ్యాంగంలో అలా కాదు. ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాల్సిందే.

జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్‌పై సంతకం చేసిన గిరి, మర్నాడే రాజీనామా చేసి పోటీకి దిగారు. పైన ఎవరూ లేకపోవడంతో చీఫ్ జస్టిస్ హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ రోజుల్లోనే ఢిల్లీ వచ్చిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు స్వాగతం పలికింది ఆయనే. అమెరికాలో చీఫ్ జస్టిస్‌కు అధ్యక్ష పదవి దక్కే వరసే లేదు.

కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మద్దతు మాత్రం గిరికి. ఇద్దరూ తెలుగువాళ్లే. తొలి లెక్కింపులో తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లతో గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 వచ్చాయి.

సాక్షిగా రాష్ట్రపతి

రెడ్డిపై దుష్ప్రచారం చేస్తూ కరపత్రం పంచారంటూ ఈ ఎన్నికపై పిటిషన్లు పడ్డాయి. కమిషన్ ద్వారా వాంగ్మూలం ఇచ్చే వీలున్నా, గిరి స్వయంగా కోర్టుకు వెళ్లి ప్రశ్నలకు జవాబిచ్చారు. ఆరోపణలు రుజువు కాలేదని కోర్టు పిటిషన్లు కొట్టేసింది.

అలాగని అన్నీ ఆయనకు కలిసిరాలేదు. బ్యాంకుల చట్టాన్ని 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు కొట్టేస్తే, నాలుగు రోజులకే కొత్త ఆర్డినెన్స్‌పై గిరి సంతకం పడింది. మాజీ సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ ఆయన సంతకం చేసిన ఉత్తర్వునూ అదే ఏడాది డిసెంబరులో కోర్టు చెల్లదంది. ట్రిబ్యునల్ తీర్పు కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి, ప్రభుత్వం పంపిందల్లా సంతకం చేశారన్న విమర్శ మిగిలిపోయింది. కేబినెట్ సలహాపైనే నడవాల్సిన పదవి మరి! అమెరికా అధ్యక్షుడిలా సొంత నిర్ణయాలు తీసుకునే కుర్చీ కాదది.

అయితే ఆ అధ్యక్షుడూ కోర్టుకు తలవంచాల్సిందే. వాటర్‌గేట్ టేపులు ఇవ్వాలని 1974 జూలైలో అమెరికా సుప్రీంకోర్టు ఆదేశిస్తే, నిక్సన్ ఇచ్చారు. ఆగస్టు 9న పదవి వదిలారు. సరిగ్గా 15 రోజులకు, ఆగస్టు 24న గిరి పదవీకాలం పూర్తిచేసుకుని రాష్ట్రపతి భవన్ నుంచి బయటికొచ్చారు.

1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు. పాతపట్నం పేరుతో ఇప్పుడు లోక్‌సభ స్థానం లేదు, అసెంబ్లీ సీటే ఉంది. కానీ ఎంత పెద్ద పదవిలో ఉన్నా కోర్టు ముందు జవాబు చెప్పొచ్చని చూపించిన రాష్ట్రపతి ఒకప్పుడు ఇక్కడి ఎంపీయే.