ఫెలిక్స్ వాంకెల్: తిరిగే యంత్రం, మండే గొట్టం

మన చిరాగ్‌పల్లి రహదారిపై చెరకు బండిని లాగుకొనిపోయే ట్రాక్టరును విద్యార్థులందరూ చూచియే ఉంటారు. దాని ముందు భాగాన నిలువుగా లేచిన పొగగొట్టం మామూలు ఇనుముతో చేసినదైనా ఏళ్ల తరబడి నిలుస్తుంది. అట్టి గొట్టాన్నే ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన యంత్రానికి తగిలిస్తే ఎంతో కాలం నిలువదు.

వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలోని లార్ పట్టణంలో జన్మించారు. అటవీశాఖలో ఉద్యోగియైన తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో మరణించారు. విశ్వవిద్యాలయ విద్య వాంకెల్‌కు అందలేదు. హైడెల్‌బర్గ్‌లో ఒక ప్రచురణ సంస్థలో కొలువు చేస్తూనే 1924లో మిత్రులతో చిన్న కార్ఖానా ఏర్పరచుకొన్నారు. చూపు మందగించిన ఈయనకు జీవితాంతం కారు నడిపే లైసెన్సు లేకపోవడం విచిత్రం.

ఆయన జీవితంలో మచ్చ లేకపోలేదు. యౌవనంలో నాజీ పక్షంలో చేరారు. స్థానిక నాయకునితో విరోధించి 1933లో చెరసాల పాలయ్యారు. విడుదలైన పిదప మళ్లీ ఆ ప్రభుత్వపు వైమానిక శాఖకే పనిచేశారు. ప్రతిభను మెచ్చుకొనేటప్పుడు దీనిని దాచడం న్యాయం కాదు.

1951లో ఎన్.ఎస్.యు. సంస్థతో ఒప్పందం కుదిరింది. 1957 ఫిబ్రవరిలో ఆయన యంత్రం తొలిసారి తిరిగింది. అందులో పిస్టన్లు పైకీ క్రిందికీ కొట్టుకోవు. మూడు కోణాల రోటరు గుండ్రంగా తిరుగుతుంది. అయితే లోపలి రోటరుతో పాటు దాని చుట్టూ ఉన్న పెట్టె కూడ తిరిగేది. స్పార్కు ప్లగ్గు మార్చవలెనన్నా యంత్రమంతా విప్పవలసిందే! ఎన్.ఎస్.యు. ఇంజనీర్లు పెట్టెను స్థిరపరచి దానిని వాడుకకు తెచ్చారు. ఆ మార్పు వాంకెల్‌కు రుచించలేదు. లోకం మాత్రం ఆ మారిన రూపాన్నే స్వీకరించింది. 1967లో జర్మనీలో రో 80, జపానులో మాజ్దా కాస్మో కార్లు దానితోనే వెలువడ్డాయి.

తేలికగా, అదురు లేకుండా నడిచే ఈ యంత్రం స్వగృహంలో విమానం నిర్మించుకొనే ఔత్సాహికులను ఆకర్షించింది. మాజ్దా 13బి యంత్రాన్ని విమానానికి అమర్చినవారు పలువురు. వారికి ఎదురైన చిక్కు పొగగొట్టం. ఈ యంత్రంలో ఇంధనం మండే గది పొడవుగా, పలుచగా ఉండడం వలన మంట పూర్తిగా ఆరకమునుపే వాయువు బయటపడుతుంది. వాల్వులు లేనందున ద్వారం ఒక్కసారిగా తెరుచుకొంటుంది. అందుచేత చెవులు చిల్లులుపడే మోత, 900 డిగ్రీల సెల్సియస్ దాటే వేడి!

మామూలు ఉక్కు ఆ వేడికి పొరలు పొరలుగా రాలిపోతుంది. టైటానియం కలిసిన 321 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. నికెల్ మిశ్రమమైన ఇన్‌కొనెల్ అంతకంటె మేలు; ఖరీదు హెచ్చు. అయితే పలుచని రేకుతోనే పని జరుగుతుంది గనుక బరువు తగ్గుతుంది. మామూలు సైలెన్సర్ లోపలి పలకలు కాలి విరిగి దారికి అడ్డుపడితే గాలిలోనే యంత్రబలం సన్నగిల్లుతుంది. వేడికి గొట్టం సాగుతుంది గనుక జారే అతుకులు ఉండాలి. బీట పడితే మంట పెట్రోలు గొట్టాలను తాకవచ్చు. వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ పైలట్ గదిలోకి చేరవచ్చు. మోతనైనా, ఖర్చునైనా భరించవచ్చును గాని బీటను మాత్రం ఉపేక్షించరాదని నా అభిప్రాయం.

మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 1969లో వాంకెల్‌ను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1988 అక్టోబరు 9న హైడెల్‌బర్గ్‌లో ఆయన కన్నుమూశారు. మన దేశంలో తయారైన 55 అశ్వశక్తి గల వాంకెల్ యంత్రంతో నిశాంత్ అనే పైలట్ రహిత విమానం 2009లో గగనానికెగిరింది. అది ఎగిరిన చోటు తెలుగువారు అధికంగా నివసించే కోలారు.