ఆకాశపు గొడుగును కొలిచిన డాబ్సన్

ఎండ మనకు కొత్త కాదు. మన అమ్మానాన్నల్లో చాలామంది ఎండలో కూలి పని చేసే మనల్ని చదివిస్తున్నారు. ఎండ వేడి ఒంటికి తెలుస్తుంది. అందులోని అతినీలలోహిత కిరణాలు మాత్రం కంటికి కనిపించవు, తగిలినట్టు కూడా తెలియదు. మెల్లమెల్లగా చర్మాన్ని, కళ్లను దెబ్బతీస్తాయి. ఏ ప్రాంతంలో ఇవి ఎంత పడతాయో అంచనా వేయడానికి దారి చూపిన శాస్త్రవేత్త గోర్డన్ డాబ్సన్. ఆయన గురించి మనమందరం తెలుసుకోవాలి.

డాబ్సన్ 1889లో ఇంగ్లండులో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో వాతావరణ శాస్త్రం బోధించారు. అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకునే గొడుగు ఓజోన్ వాయువు. అది మనకు ఎన్నో కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నేల మీద నిలబడి దాన్ని కొలవడం ఎలా? డాబ్సన్ సూర్యకాంతిలో రెండు రకాల అతినీలలోహిత కిరణాలను ఎంచుకున్నారు. ఒకదాన్ని ఓజోన్ బాగా పీల్చుకుంటుంది, రెండోదాన్ని అంతగా పీల్చుకోదు. నేలకు చేరిన ఆ రెండింటినీ పోల్చి చూస్తే పైన ఓజోన్ ఎంత ఉందో లెక్క తేలుతుంది. 1920వ దశకంలో ఇందుకు తగిన పరికరాన్ని ఆయనే స్వయంగా తయారు చేశారు.

ఒక్క ఊరి లెక్కతో ఆయన తృప్తి పడలేదు. తన పరికరాలను యూరప్‌లోని పలు చోట్లకు, తర్వాత ఈజిప్టు, అమెరికా, న్యూజిలాండ్‌లతో పాటు మన దేశంలోని కొడైకెనాల్‌కూ పంపారు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఓజోన్ తక్కువగా ఉంటుందని ఆ కొలతలు తెలిపాయి. అంటే మన గొడుగు పలచన. పైగా మనకు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అందుకే చల్లని దేశాల కంటే మన ప్రాంతంలో ఈ కిరణాల తాకిడి ఎక్కువ.

డాబ్సన్ 1976లో కన్నుమూశారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ దారుణంగా తగ్గిందని బయటపెట్టింది ఆయన రూపొందించిన పరికరమే. దాంతో ప్రపంచం మేల్కొని, 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకుంది. ఓజోన్‌ను నేటికీ డాబ్సన్ యూనిట్లలోనే కొలుస్తున్నారు.

మిత్రులారా! మనకు పరికరం లేకపోయినా నీడ ఉంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉందంటే ఈ కిరణాలు బలంగా ఉన్నట్టే. పలచని మబ్బు పట్టినా, కొండ మీద చల్లగా ఉన్నా ఏమరకూడదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నీడ లెక్క అమ్మకు, నాన్నకు చెబుదాం. తలపాగా, నిండు చేతుల చొక్కా ఎందుకో వివరిద్దాం. మన చదువు ముందుగా వారికి ఉపయోగపడాలి.